వచ్చే కేక ఉంది, పోయే కేక లేదు

ఆ శనివారం పొద్దున కీర్తిప్రియ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. విస్సన్నపేట నుంచి ఉమ అనే అమ్మాయి స్కూటీ మీద వస్తుంది. తన లాప్‌టాప్ తనే తెచ్చుకుంటుంది. కీర్తిప్రియ రాసిపెట్టిన గైడు చదువుకుంటూ, ఎవర్నీ ఏమీ అడక్కుండా, కీర్తిప్రియ తయారుచేస్తున్న కంప్యూటర్ ఆటని అందులో నడిపించి చూస్తుంది. నడిస్తే ఈ పనిలో తనూ చేరుతుంది. ఆ తర్వాత ముద్దపప్పు, మామిడికాయ పచ్చడితో భోంచేసి వెళ్ళిపోతుంది. చుట్టుపక్కల తోటలవాళ్ళు కర్రలు పట్టుకుని పరిగెత్తుకొచ్చే ఘట్టం ఈ ప్లానులో ఎక్కడా లేదు.

కీర్తిప్రియ ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఆగిరిపల్లి దగ్గర తన తండ్రి మామిడితోటలో ఉన్న ఇంట్లో కూర్చుని ఈ ఆట చేస్తోంది. మామిడితోటకి కాపలా కాసే ఆట అది. కోతులు వస్తాయి, కాపలావాడు తరమాలి. ప్రస్తుతానికి ఆట ఇంకా పొత్తిళ్ళలోనే ఉంది. ఒక వరస చెట్లు, కొన్ని కోతులు, ఎడమవైపుకి మాత్రమే నడవగలిగే ఒక కాపలావాడు ఉన్నారు. కుడివైపు నడక ఇంకా రాయలేదు. దీన్ని ఓపెన్ సోర్సు అని ఇంటర్నెట్‌లో పెట్టింది. అంటే ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, బాగుచేసి తిరిగి ఇవ్వచ్చు. పెట్టి నెలలు గడిచాయి. బాగుచేయడం మాట దేవుడెరుగు, విప్పి చూసిన పుణ్యాత్ముడు కూడా లేడు.

ఆమె తండ్రి దశరథరామయ్యకి ఈ పద్ధతి మొదటినుంచీ మింగుడుపడలేదు. ఎవరైనా రావచ్చు, ఎవరైనా కోసుకోవచ్చు అంటే దాన్ని తోట అనరనీ, బీడు అంటారనీ ఆయన అభిప్రాయం. అందుకని విజయవాడలో బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో కూతురికి సీటు మాట్లాడి ఫీజు కట్టేశాడు. కట్టాక వెనక్కి ఇవ్వరని రసీదు మీదే అచ్చువేసి ఉంది. కూతురు రెండురోజులు అన్నం మానేస్తే, మూడోరోజున ఒక ఒప్పందానికి వచ్చాడు.

"నీతోపాటు ఇంకొక్క మనిషి, జీతం లేకపోయినా సరే ఇష్టపడి ఈ పనికి వస్తే అప్పుడు నీ ఇష్టం. ఆదివారం లోపల రావాలి. లేదంటే సోమవారం పొద్దున్నే కోచింగ్‌కి వెళ్తావు."

జీతం లేకుండా పనికొచ్చే మనిషి కృష్ణాజిల్లాలో పుట్టలేదన్న గట్టి నమ్మకంతోనే ఆయన అంత ఉదారంగా మాటిచ్చాడు. కీర్తిప్రియ వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకుని, చివరికి ఉమని సంపాదించింది. ఉమ వాళ్ళ నాన్నకి విస్సన్నపేటలో ఎరువుల కొట్టుంది. చిన్నప్పటినుంచీ కొట్లో కూర్చుని పెరిగిన పిల్ల కాబట్టి, బస్తా మీద రాసింది బస్తాలో ఉందో లేదో చూస్తే తప్ప ఉమకి నిద్ర పట్టదు.

వస్తూనే ఆ సంగతి చెప్పేసింది. "నువ్వు పక్కన కూర్చుని చెప్తే నడవడం నడవడం కాదు. రేపు ఎక్కడో ఉన్నవాడు ఈ గైడు చూసి మొదలుపెడితే, వాడి పక్కన నువ్వు కూర్చుంటావా? అందుకని నువ్వు మాట్లాడకూడదు. అసలు కనబడకూడదు."

సరేనని కీర్తిప్రియ ఆమెను రోడ్డుపక్కన ఉన్న షెడ్డులో కూర్చోబెట్టింది. సీజన్లో కాయలు గ్రేడింగ్ చేసి పెట్టెలకెత్తే షెడ్డు అది. ఫోన్ సిగ్నల్ బాగా అందేది అక్కడే. కూర్చోబెట్టి, తోటకి అవతలి చివర ఉన్న ఇంటికి వెళ్ళిపోయి, నోరు అదుపులో పెట్టుకోవడానికి తల్లి పక్కన చేరి వంకాయలు తరగడం మొదలుపెట్టింది.

ఇక్కడ ఆ షెడ్డు మీదున్న మైకు సంగతి చెప్పుకోవాలి. కిందటేడు దశరథరామయ్య కోతుల్ని బెదరగొట్టడానికి షెడ్డు మీద గుడిమైకులాంటి పెద్ద మైకు పెట్టించి, అందులో పులి గాండ్రింపు వేయించాడు. నాలుగురోజులు కోతులు హడలిపోయాయి. ఐదోరోజు నుంచి గాండ్రింపు వింటూ రసాల మామిడిపళ్ళు తినడం అలవాటు చేసుకున్నాయి. ఆ తర్వాత పులిని ఆపేశారు గానీ, మైకు మిషను ప్లగ్గు తియ్యాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఫోను నుంచి తీగ లేకుండా పాటలు పెట్టుకునే రకం మిషను కాబట్టి, అదలా మూలన కూర్చుని ఎవరు పిలుస్తారా అని ఏడాదిగా ఎదురుచూస్తోంది.

అలాగే కేక సంగతి కూడా. ఆ చుట్టుపక్కల తోటల్లో కోతులమంద దిగితే, చూసిన కాపలామనిషి గొంతెత్తి "హోయ్ హోయ్ హోఓఓ" అని కేక వేస్తాడు. పక్క తోటవాడు అందుకుని ఆ పక్క తోటకి అందిస్తాడు. కేక విన్న ప్రతి తోట నుంచీ ఒక మనిషి కర్ర పట్టుకుని రావాలి. కేక మళ్ళీ మళ్ళీ వినబడిందంటే మంద పెద్దదని అర్థం, ఇంకా దూరం తోటలవాళ్ళు కూడా కదలాలి. కేక వేసిన తోటవాళ్ళు వచ్చినవాళ్ళకి మజ్జిగ ఇవ్వాలి, పొద్దెక్కితే అన్నం పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, కేక వేసిన మనిషే "పొలిమేర దాటాయో" అని పోయే కేక వేస్తే తప్ప వచ్చినవాళ్ళు కదలకూడదు. మధ్యలో వెళ్ళిపోయినవాడి తోటకి రేపు ఎవరూ రారు. ఇది ఎక్కడా రాసిలేదు, అందుకే ఎవరూ తప్పరు.

కీర్తిప్రియ తన ఆటలో, కోతి వచ్చినప్పుడల్లా వినబడేలా, వాళ్ళ తోట కాపలామనిషి సాంబయ్య కేకనే పెట్టింది. సాంబయ్య గొంతంటే ఆ చుట్టుపక్కల పేరు. తన గొంతు కంప్యూటర్లోకి ఎక్కుతోందని తెలిసి ఆయన చొక్కా మార్చుకొచ్చి మరీ ఫోన్లో కేక వేసి, చివర్లో చిన్నగా దగ్గాడు. ఆ దగ్గు కత్తిరించాలని కీర్తిప్రియ రోజూ అనుకుంటూనే ఉంది.

షెడ్డులో ఉమ గైడులో ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. ఆట దిగింది, దానికి కావలసిన సామాను దిగింది. తర్వాత, ధ్వని గట్టిగా వినబడుతోందో లేదో చూసుకోమనీ, వినబడకపోతే దగ్గర్లో ఉన్న స్పీకర్‌కి కలుపుకోమనీ ఉంది. ఉమ లాప్‌టాప్ స్పీకర్ ఎప్పుడో పోయింది. దగ్గర్లో ఏముందా అని వెతికితే ఒకే ఒక్కటి దొరికింది. కలిపింది. ఏడాది తర్వాత ఒకరు పిలిచేసరికి మూలనున్న మిషను ప్రాణం లేచివచ్చినట్టు పలికింది. నెత్తిమీదే సాంబయ్య కేక దద్దరిల్లింది. ఉమ పట్నం పిల్ల కాకపోయినా కొట్లో పెరిగిన పిల్ల, ఆ కేకకి అర్థమేంటో తెలియదు. ధ్వని గట్టిగా వినబడాలన్నారు, గట్టిగానే వినబడింది అనుకుని తర్వాతి మెట్టుకి వెళ్ళింది. అక్కడ, ఇప్పుడు పరీక్ష నడపండి, కోతులు ఒకదాని తర్వాత ఒకటి వస్తూ ఉంటాయి, మధ్యలో ఆపకండి అని ఉంది. ఉమ ఆపలేదు.

ఆ సమయానికి సాంబయ్య తోటలో లేడు. యజమాని కాయలు తోలుకుని నూజివీడు వెళ్ళాడు కదా, ఇంతలో గడ్డం గీయించుకొద్దామని ఎవరికీ చెప్పకుండా ఊళ్ళోకి వెళ్ళాడు. కేక వినగానే సాంబయ్య భార్య మంగమ్మ, మొగుడు అప్పుడే తిరిగొచ్చేశాడనుకుని సంతోషించింది. కీర్తిప్రియ కత్తిపీట వదిలి బయటికి వచ్చి సాంబయ్య ఎక్కడని అడిగితే, మొగుడు వెళ్ళిన సంగతి బయటపడకూడదని మంగమ్మ పడమటివైపు చెయ్యి చూపించింది.

"అదుగో, ఆ పడమటి వరసల్లో ఉన్నాడమ్మాయిగారూ. వినబట్టంలా?"

కీర్తిప్రియ పళ్ళెం, గరిటె పట్టుకుని మోగించుకుంటూ పడమటికి పరిగెత్తింది. షెడ్డు తూర్పున ఉంది. ఆట తయారుచేసిన మనిషే ఆటలోని కేకని నిజమని నమ్మిందంటే, మిగతావాళ్ళని అనడానికేముంది?

ముందు పక్కతోట పోతురాజు వచ్చాడు. ఆయన దశరథరామయ్యకి వరసకి తమ్ముడు, కోతుల విషయంలో తనకి తెలిసినంత కోతులకి కూడా తెలియదని ఆయన నమ్మకం. ఆ వెనక ఒక్కొక్కళ్ళే వచ్చారు. పక్కతోటలు అందుకున్న కేక రెడ్డిగూడెం దారి దాకా పాకడంతో, బళ్ళ మీద కూడా జనం దిగడం మొదలైంది. అందరూ చెట్లకేసి చూశారు. ఒక్క కోతి కూడా లేదు. కేక మాత్రం ఆగడం లేదు. సాంబయ్య అబద్ధపు కేక వేసే మనిషి కాదు, నిప్పు లేందే పొగ రాదు, కాబట్టి కోతులు కొమ్మల్లో నక్కి ఉన్నాయని పెద్దలు తేల్చారు. అంతలో పోతురాజు ఒక కోతిని చూశాడు.

"చెవి తెగిన మగకోతి. అదుగో ఆ చిటారుకొమ్మ వెనక్కి పోయింది. మందకి అదే పెద్ద."

ఒకరు చూశాక మిగతావాళ్ళు చూడకపోతే బాగుండదు. కాసేపట్లోనే ఒకాయన పిల్లకోతిని చూశాడు, ఇంకొకాయన తోకని చూశాడు. ఎవరో దశరథరామయ్యకి ఫోన్ చేసి మీ తోటలో వంద కోతులున్నాయన్నారు. ఆయన బయల్దేరేలోపల ఇంకొకరు ఫోన్ చేసి రెండొందలన్నారు. ఆయన హడలిపోయి చిన్నరాయప్పకి కబురుపెట్టాడు. ఎలుగుబంటి తోలు వేషం వేసుకుని తోటల్లో తిరిగి కోతుల్ని తరమడం చిన్నరాయప్ప వృత్తి. ఎండాకాలమంతా అతనికి తీరిక ఉండదు, చెమటా ఆరదు.

ఇంట్లో కీర్తిప్రియ తల్లి పుష్పవతి మజ్జిగ కలిపింది. అయిపోయింది. మళ్ళీ కలిపింది. కొళాయి పక్కన నిలబడి మజ్జిగలో నీళ్ళు కలపడం మానేసి నీళ్ళలో మజ్జిగ కలిపే దశకి వచ్చేసరికి, ఇక వంట ఎసరు పెంచక తప్పదని గ్రహించి ఇరుగుపొరుగు నుంచి పెద్ద గుండిగ తెప్పించింది.

తోటలో పళ్ళెం మోగిస్తున్న కీర్తిప్రియ ఉన్నట్టుండి ఆగిపోయింది. కేక చివర చిన్న దగ్గు వినబడింది. మనిషన్నాక దగ్గుతాడు. మళ్ళీ కేక, మళ్ళీ దగ్గు. అదే దగ్గు. పళ్ళెం అక్కడే పడేసి షెడ్డుకేసి పరిగెత్తింది.

ఉమ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని తెరకేసి చూస్తోంది. ఈమెను చూడగానే మాట్లాడొద్దన్నట్టు వేలు చూపించింది.

"ఆపు ఉమా. అది పైన మైకులో వస్తోంది. ఊరంతా వింటోంది."

"మధ్యలో ఆపకండి అని నువ్వే రాశావు."

"ఆపేయ్."

"మరి అలా రాయకుండా ఉండాల్సింది. గట్టిగా వినబడాలన్నావు, వినబడింది. దగ్గర్లో ఉన్న స్పీకరన్నావు, కలిపాను. ఇంతవరకూ గైడులో నేను తప్పిందేమీ లేదు."

కీర్తిప్రియ మిషను ప్లగ్గు పీకేసింది. కేక ఆగింది. ఆమెకి ఏడుపొచ్చింది. ఆదివారం లోపల రావలసిన ఆ ఒక్క మనిషీ ఇలా వచ్చి అలా పోయేటట్టుంది, బయట ఇంతమంది జనం. పోనీ నిజం చెప్పేద్దామని గుండె చిక్కబట్టుకుని బయటికి వచ్చి, కోతులు లేవనీ, తన ఆటలోని కేక మైకులో పోయిందనీ పోతురాజుకి చెప్పింది.

ఆయన ఆమెకేసి జాలిగా చూశాడు. "అయితే నేను చూసిన చెవి తెగిన కోతి ఏంటమ్మా?"

చిన్నపిల్ల పెద్దవాళ్ళని అబద్ధాలాడారనడం ఆ ఊళ్ళో లేదు. పైగా ఆయన చూసిన కోతిని అప్పటికి ఇంకో పదిమంది చూసి ఉన్నారు. కీర్తిప్రియ వంటింట్లోకి వెళ్ళి తల్లికి ఉన్నదున్నట్టు చెప్పింది. పుష్పవతి గుండిగలో బియ్యం పోస్తూ అంతా విన్నది.

"సరే, అయిందేదో అయింది. వీళ్ళు వెళ్ళాలంటే పోయే కేక వెయ్యాలిగా. అది కూడా నీ దాన్లోంచే వేయించు."

"అది ఇంకా పెట్టలేదమ్మా."

"వచ్చే కేక పెట్టి పోయే కేక పెట్టకుండా ఆట ఎలా చేశావే?"

"ఆట ఇంకా మొదట్లో ఉందమ్మా."

"నీ ఆట మొదట్లో ఉంది, నా బియ్యం ఆఖర్లో ఉన్నాయి," అంది పుష్పవతి.

ఇక సాంబయ్యే దిక్కు. పోయే కేక ఇంకెవరు వేసినా చెల్లదు. మంగమ్మ అప్పటికి కొంగు నోట్లో కుక్కుకుని, గడ్డం సంగతి బయటపెట్టింది. నిజానికి సాంబయ్య అప్పటికే దారిలో ఉన్నాడు. ఊళ్ళో మంగలికొట్లో ఒక చెంప గీయించుకుని రెండో చెంపకి నురగ రాయించుకుంటుండగా, ఒక తోట నుంచి ఇంకో తోటకి అందుకుంటూ వచ్చిన కేక ఊరి చివరికి చేరింది. ఎవరి తోట అని ఎవరో అడిగితే దశరథరామయ్యగారి తోటన్నారు. ఎవరు వేశారంటే సాంబయ్య వేశాడన్నారు. సాంబయ్య కుర్చీలోంచి లేచాడు. తను ఇక్కడుండగా తన గొంతు అక్కడ కాపలా కాస్తోందంటే, తనకి ఏదో అయిపోయి ఉండాలి, లేదా తన ఉద్యోగానికి ఏదో అయిపోయి ఉండాలి. రెండోదే ఎక్కువ భయం వేసింది. ఫోను మంగలికొట్లోనే మరిచిపోయి పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తాడు.

ఈలోగా దశరథరామయ్య కారు దిగాడు. వెనకే బండి మీద చిన్నరాయప్ప దిగాడు, ఒంటికి ఎలుగుబంటి తోలు, చంకలో ఎలుగుబంటి తల. ఊరకుక్కలు కూడా వెంట వచ్చాయి. కోతులెక్కడ అని దశరథరామయ్య అడిగితే కీర్తిప్రియ తలవంచుకుని మొత్తం చెప్పింది. ఆయన తన ఇంటిముందు కర్రలు పట్టుకుని నిలబడ్డవాళ్ళ వంక, వాకిట్లో పొగలు కక్కుతున్న గుండిగ వంక, నీడలో కూర్చుని నీళ్ళమజ్జిగ తాగుతున్న ఎలుగుబంటి వంక చూశాడు. నవ్వులపాలయ్యానన్న బాధ ఆయన ముఖంలో స్పష్టంగా కనబడింది.

"సోమవారం పొద్దున్నే తయారుగా ఉండు," అన్నాడు.

కీర్తిప్రియ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఆమె బాధ తండ్రితో ఒప్పందంలో ఓడిపోయినందుకు కాదు. ఇన్ని నెలలు ఒంటరిగా కూర్చుని చేసిన పని ఇక ఎవరూ విప్పి చూడకుండానే మూతపడిపోతుందని.

ఆ సమయంలో పోతురాజు అడ్డుపడ్డాడు. ఆయన బాధ ఆయనది. చెవి తెగిన కోతి లేదని రుజువైతే ఆయన పరువు గంగలో కలుస్తుంది. అందుకని ఆ ఆటేదో చూపించమన్నాడు, అందులో ఉన్నది ఏ కోతో, తను చూసింది ఏ కోతో అందరి ముందూ తేల్చేస్తానన్నాడు. జనమంతా షెడ్డులోకి పోయారు. దశరథరామయ్య మాత్రం చేతులు కట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు.

ఉమ ఆట తెరిచింది. తెర మీద ఒక కోతి వచ్చి చెట్టెక్కి, కొమ్మకి వేలాడి, ఒక కాయ కోసుకుని మర్యాదగా మొత్తం తిని, ఇంకో కాయ కోసుకుంది. పోతురాజు తట్టుకోలేకపోయాడు.

"కోతి అట్టా తినదమ్మా. ఒక కొరుకు కొరికి పారేస్తది, ఇంకోటి కోస్తది. కాయ మొత్తం తినే కోతైతే మనకి ఇన్ని కష్టాలెందుకు?"

"మీ పేరు చెప్పండి," అంది ఉమ కీబోర్డు దగ్గరికి లాక్కుంటూ. "ఊరికే చెప్పి వెళ్ళడం కాదు. పేరుతో సహా ప్రాజెక్టులో పెడుతున్నా. బాగుచేసేదాకా మీరు చూసుకోవాలి."

పేరు ఎక్కుతుందనేసరికి ఒక్కొక్కరికీ గుర్తుకొచ్చాయి. మంద ఒక్కసారే దిగదు, ముందు ఒకటి వచ్చి చూసి వెళ్తుంది. పిల్లని పొట్టకి కరిపించుకుని దూకేటప్పుడు దూకు వేరేగా ఉంటుంది. కాపలావాడు కర్ర ఎత్తితే పారిపోదు, రాయి ఎత్తితే పారిపోతుంది. చిన్నరాయప్ప జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, ఆటలో ఎలుగుబంటి ఎందుకు లేదని నిలదీశాడు. ఉమ అన్నీ ఎక్కించింది. కాపలావాడు కుడివైపుకి ఎందుకు తిరగడని అడిగినవాళ్ళు ఎంతమందో లెక్కలేదు.

గుమ్మం బయటున్న దశరథరామయ్య మొదట వినలేదు. తర్వాత విననట్టు నటించాడు. ఆ తర్వాత మెడ సాచి చూశాడు. తెర మీద కోతి ఆ చెట్టూ ఈ చెట్టూ దాటి వెళ్ళి ఒక కాయ మీద చెయ్యి వేసింది. ఆయనకి ఒళ్ళు మండిపోయింది.

"అది కలెక్టర్ రకం మామిడికాయ. పక్కన చిన్నరసాల వరస పెట్టుకుని కోతి కలెక్టర్ ముట్టుకుంటుందా? నోట్లో పెట్టుకోగానే పులుపుకి ఊసేయదూ? ఎవరు చెప్పారమ్మా నీకిది?" అంటూ లోపలికి వచ్చి, ఒకాయన్ని లేపి ఆ కుర్చీలో కూర్చుని, మౌసు చేతిలోకి తీసుకున్నాడు.

అంతలో కేక వినబడింది. "హోయ్ హోయ్ హోఓఓ."

"ఆ సౌండు కాస్త తగ్గించమ్మా," అన్నాడు పోతురాజు.

ఇంకోసారి వినబడింది. ఈసారి గొంతు కొంచెం బొంగురుగా ఉంది. దశరథరామయ్య తెర మీంచి కళ్ళు తిప్పకుండా, తగ్గించమంటే వినబడదా అని కసిరాడు. కీర్తిప్రియ తండ్రి చేతిలో మౌసుని చూస్తూ ఉండిపోయి ఏమీ వినలేదు. మూడోసారి కేక ఏడుపులా వచ్చింది. ఉమ కీబోర్డు మీంచి వేళ్ళు తీసింది.

"మైకు ప్లగ్గు ఇందాకే పీకేశాం కదండీ."

షెడ్డు గుమ్మం దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఎలుగుబంటి తల ఎవరి కాళ్ళకిందో నలిగిపోయింది. తల లేని ఎలుగుబంటిని చూసి కుక్కలు ధైర్యం తెచ్చుకుని వెంటపడ్డాయి. కాపలామనుషులందరూ ఇక్కడే చేరి ఉండటంతో, చుట్టూ ఖాళీగా ఉన్న తోటలు తిరుగుతూ వచ్చిన కోతులమంద పడమటి వరసల్లో రసాల మీద తాపీగా పంక్తి తీరి కూర్చుంది. వాటికెదురుగా ఒక చెంప నున్నగా, ఇంకో చెంప మీద ఎండిన నురగతో సాంబయ్య ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"గొంతు చించుకున్నాను బాబుగారూ," అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. "ఇన్నేళ్ళలో నా కేకకి మనిషి రాకపోవడం ఇదే."

కోతుల్ని తరిమారు. పోయిన రసాలు పోయాయి, మిగిలినవాటిలో సగం కొరికి ఉన్నాయి. మందలో ఒకదానికి నిజంగానే చెవి తెగి ఉంది. పోతురాజు దాన్ని ప్రతి ఒక్కరికీ విడివిడిగా చూపించాడు. సాంబయ్య పోయే కేక వేశాక అందరూ భోంచేసి, వంకాయకూరలో ఉప్పు తగ్గిందని చెప్పి వెళ్ళారు. ఉమ కూడా లాప్‌టాప్ మూసింది. గైడు నడిచిందనీ, కానీ జనాన్ని రప్పించడమే తప్ప పంపించడం తెలియని ఆటలో చేరాలో లేదో ఆలోచించి చెప్తాననీ అంది.

ఆదివారం ఉమ దగ్గర్నుంచి కబురు రాలేదు. దశరథరామయ్య రోజంతా తోటలో తిరిగాడు, కూతురితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. సోమవారం పొద్దున కీర్తిప్రియ బ్యాగు సర్దుకుని తండ్రికి చెప్పి వెళ్దామని చూస్తే ఆయన ఇంట్లో లేడు. షెడ్డులోంచి గొంతులు వినబడుతుంటే వెళ్ళింది. ఆయన సాంబయ్య నోటిముందు ఫోను పట్టుకుని, పోయే కేక మళ్ళీ వేయిస్తున్నాడు. ఈసారి దగ్గు రాకూడదని గట్టిగా చెబుతున్నాడు. ఎదురుగా ఆమె లాప్‌టాప్ తెరిచి ఉంది. ఆదివారం రాత్రికే ఆయన కోతుల నడవడి మీద చాలా పెద్ద విమర్శ రాసి ప్రాజెక్టులో పెట్టి ఉన్నాడు.

"నాన్నా, నేను బయల్దేరతా."

"ఎక్కడికి? ముందు ఈ కేక అందులో పెట్టు. ఆ కాపలావాడికి కుడివైపు నడక కూడా ఇవాళే పెట్టు. చూస్తుంటే మెడ నొప్పొస్తోంది నాకు."

"ఈ పనికి నీకు జీతం ఎవరిస్తున్నారు నాన్నా?"

"జీతమేంటి? తప్పు కళ్ళముందు కనబడుతుంటే ఊరుకోమంటావా?"

"అంటే ఇష్టపడే చేస్తున్నావు."

దశరథరామయ్యకి తను ఎక్కడ ఇరుక్కున్నాడో అప్పుడు తెలిసింది. తను ఈ పనిలో చేరలేదనీ, తప్పులు మాత్రమే చెబుతున్నాననీ అన్నాడు. ఈ పనిలో చేరడమంటే అదేనని కూతురు చెప్పింది. ఇంతలో లాప్‌టాప్‌లో ఏదో మోగింది. పొద్దున్నే ఉమ కూడా పనిలోకి దిగినట్టుంది. కోతులు కలెక్టర్ ముట్టుకోవని దశరథరామయ్య పెట్టిన ఫిర్యాదు కింద, రుజువు లేకుండా ఇలాంటివి ఒప్పుకోలేమని రాసి, దాన్ని కొట్టేసింది.

దశరథరామయ్య ఒక సంచిలో కోతులు కొరికిన రసాలు కొన్ని, ముట్టని కలెక్టర్లు కొన్ని వేసుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టి, విస్సన్నపేట ఎరువుల కొట్టుకి బయల్దేరాడు. కీర్తిప్రియ నవ్వాపుకోలేక ఇంట్లోకి వచ్చి తల్లిని కౌగిలించుకుని, ఇక కోచింగ్‌కి వెళ్ళనక్కర్లేదంది.

పుష్పవతి కూతురు సర్దిన బ్యాగులోంచి కూతురి బట్టలు తీసి మంచం మీద పెట్టి, తన చీరలు రెండు అందులో మడతపెట్టుకుంది. "కట్టిన ఫీజు వెనక్కివ్వరుగా. ఆ సీట్లో నేను కూర్చుంటా. ఇంట్లో ఎవరో ఒకళ్ళకి జీతం రావాలిగా," అంది.